కెమెరా తర్వాత కొందాం తమ్ముడూ, ముందు గొంతు వినపడనీ

ఇది కొంచెం పెద్ద పోస్టు. మెస్సులో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం మా హాస్టల్లో ఫస్టియర్ తమ్ముడొకడు నా మంచం దగ్గరికొచ్చి ఫోన్లో ఒక కెమెరా చూపించాడు. ధర 42 వేలు. "అన్నా, నెలకు 3,500 చొప్పున కడితే ఏడాదిలో తీరిపోతుంది. యూట్యూబ్ చానల్ పెడతా. మన ఊరు, మన వంటలు, మన పండుగలు తీస్తా. ఆర్నెల్లలో కెమెరా డబ్బులు కెమెరానే సంపాదిస్తుంది" అన్నాడు. వాళ్ళ అమ్మానాన్న ఎండాకాలం తునికాకు కోస్తారు, సీజన్లో మిర్చి ఏరడానికి పోతారు. నెలకు 3,500 అంటే ఆ ఇంట్లో ఎన్ని రోజుల కూలో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

వాడి ఆలోచన తప్పని నేను అనట్లేదు. చానల్ పెట్టాల్సిందే. కానీ ఆ కెమెరా కొనొద్దన్నాను. వాడు మొహం మాడ్చుకుని, "నువ్వు కూడా అందరిలాగే మాట్లాడుతున్నావన్నా" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇదే ఆలోచన ఈ గ్రూపులో ఇంకా చాలామందికి ఉందని తెలుసు కాబట్టి.

నా మాట ఒక్కటే. ఇంటి దగ్గరో హాస్టల్లోనో ఉండి వీడియోలు చేద్దామనుకునే మన పిల్లలు డబ్బు పెట్టాల్సింది ముందు మైకు మీద. తర్వాత వీడియోలు దాచుకునే డిస్కు మీద. అన్నిటికన్నా చివర కెమెరా మీద. ఎందుకో చెప్తా. ముందు నా తప్పు చెప్పుకుంటా.

రెండేళ్ళ కింద, ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. మా ఊళ్ళో విత్తనాల పండుగకు మా అమ్మమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు రేల పాట పాడుతుంటే ఫోన్లో తీశా. ఆరు నిమిషాలు వచ్చింది. అందరూ కనపడాలని పది అడుగుల దూరంలో నిలబడి తీశా. ఇంటికొచ్చి పెట్టుకుని చూస్తే డోలు వినపడింది, పిల్లల గోల వినపడింది, గాలి హోరు వినపడింది. పాటలో మాటలు మాత్రం అందీ అందకుండా ఉన్నాయి. బాగాలేదులే అనుకుని ఆ సౌండ్ మొత్తం తీసేసి, ఒక సినిమా మ్యూజిక్ తగిలించి, 40 సెకన్లకు కోసి పెట్టేశా. 11 వేల మంది చూశారు. నేను ఎగిరి గంతేశా. ఫోన్లో మెమరీ నిండిపోయిందని చూపిస్తుంటే అసలు వీడియో డిలీట్ కొట్టా.

ఆ చలికాలంలో అమ్మమ్మ పోయింది. దినాలకు చుట్టాలంతా వచ్చారు. రాత్రి మా అమ్మ నన్ను పిలిచి, "మా అమ్మ పాడింది నీ ఫోన్లో ఉంది గదా, ఒకసారి పెట్టురా" అంది. పెట్టా. అమ్మమ్మ నోరు కదులుతోంది. వినపడేది సినిమా మ్యూజిక్. అమ్మ 40 సెకన్లూ చూసి ఫోన్ నా చేతికిచ్చేసింది. ఏమీ అనలేదు. ఆ పాట మొత్తం వచ్చిన మనిషి మా ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు.

ఆ రోజు నా చేతిలో 42 వేల కెమెరా ఉన్నా ఇదే జరిగేది. అమ్మమ్మ ముఖం ఇంకా స్పష్టంగా కనపడేది. అంతే.

సౌండ్ సంగతి

కెమెరా కొనేవాళ్ళు మర్చిపోయే విషయం ఒకటుంది. మామూలు ఫోన్లో జూమ్ చేస్తే బొమ్మ దగ్గరికొస్తుంది గానీ గొంతు రాదు. మైకు కెమెరాలోనే ఉంటే, కెమెరా ఎంత దూరంలో ఉందో మైకూ అంతే దూరంలో ఉన్నట్టు. అది 10 వేల ఫోన్ అయినా, 42 వేల కెమెరా అయినా. ఆరుబయట మాట్లాడే మనిషికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చుట్టుపక్కల గోల మాత్రం ఉన్నంతే ఉంటుంది. పది అడుగుల దూరాన్ని నాలుగుసార్లు సగం చేయండి. ఏడెనిమిది అంగుళాలకు వస్తుంది. అంటే గొంతు 24 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఇది చేయడానికి పెద్ద మైకు కూడా అక్కర్లేదు, చిన్న మైకును గుండె దగ్గరికి తేగలిగితే చాలు. ఇంత తేడా ఏ ఖరీదైన లెన్సూ తీసుకురాదు.

చూసేవాళ్ళ సంగతి కూడా మనకు తెలిసిందే. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా మాట బాగుంటే మనం చూస్తాం. పాత సినిమాలు అలాగే గదా చూస్తున్నాం. మాట వినపడకపోతే ఎంత మంచి బొమ్మైనా పది సెకన్లలో పైకి తోసేస్తాం.

అసలు బొమ్మే లేకుండా పని జరిగిన చోటు మనకు పక్కనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర గురించి సీనియర్లకు తెలిసే ఉంటుంది. మామూలు బటన్ ఫోన్ నుంచి ఫోన్ చేసి, తమ ఊరి కబురు గోండి లాంటి సొంత భాషలో చెప్తే అది రికార్డయ్యేది. మిగతావాళ్ళు కూడా ఫోన్ చేసి వినేవాళ్ళు. బోరింగు పాడైంది, రేషన్ రాలేదు, కూలి డబ్బులు పడలేదు, ఇలాంటివన్నీ. కెమెరా లేదు, ఎడిటింగ్ లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. దాన్ని విన్నారు.

రూపాయి పెట్టకుండా ఏం చేయొచ్చు

మైకు కొనకముందే చేయగలిగినవి ఉన్నాయి. నేను అన్నీ తప్పులు చేశాకే నేర్చుకున్నా.

ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే అదే మీ మైకు. పాతదైనా పర్లేదు. అందులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడే మనిషి చొక్కా జేబులోనో, చీర అయితే భుజం దగ్గర పిన్నుతో చిన్న సంచి కట్టి అందులోనో పెట్టండి. మీ ఫోన్లో వీడియో తీయండి. రెండూ మొదలయ్యాక ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిట్ చేసేటప్పుడు చేతులు కలిసిన బొమ్మ దగ్గర ఆ చప్పుడు కలిపితే మాటా పెదవీ ఒక్కటైపోతాయి.

చోటు చూసుకోండి. హాస్టల్ రూములో ఖాళీ గోడలు, సిమెంటు నేల. మాట గోడకు తగిలి తిరిగొస్తుంది, బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మూలకు పరుపులు నిలబెట్టి, తీగ మీద రెండు దుప్పట్లు వేసి వాటి మధ్య కూర్చుంటే సగం పోతుంది. ఫ్యాన్ ఆపాలి. చెమట పడుతుంది, తప్పదు. ఊళ్ళో అయితే మనకే లాభం. మట్టి గోడ, గడ్డి కప్పు ఉన్న ఇంట్లో మాట తిరిగి రాదు. మా మేనమామ వాళ్ళ కొత్త స్లాబు ఇంట్లో కన్నా మా పూరింట్లో నా గొంతు బాగా వస్తుంది. ఆ ఇంటిని చూసి సిగ్గుపడిన రోజులున్నాయి, అందుకే చెప్తున్నా.

వెలుతురుకు రింగ్ లైట్ కొనక్కర్లేదు. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వసారాలో కూర్చోబెట్టండి. వెలుగు మనిషి ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. ముందు కెమెరా వద్దు, వెనక కెమెరా వాడండి, చాలా ఫోన్లలో అదే మంచిది. లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. మన ఫోన్ల మీద ఎప్పుడూ నూనె, చెమట ఉంటాయి, బొమ్మ మసకబారడానికి సగం కారణం అదే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ట్రైపాడ్ లేకపోతే పంగల కర్ర నాటి, దానికి ఫోన్ గుడ్డతో కట్టండి. నా మొదటి ట్రైపాడ్ అదే, ఇప్పటికీ ఊళ్ళో ఉంది.

కొనాల్సి వస్తే

మొదట కాలర్ మైకు. చొక్కాకు తగిలించేది, వైరు ఉన్నది. నేను కొన్న బోయా ఎం1 మైకుకు 6 మీటర్ల వైరు ఉంది. 850 రూపాయలు పెట్టా, ఒక వారం పొలం పనికి పోయిన డబ్బుల్లోంచి. వైర్‌లెస్ మైకులు కూడా ఇప్పుడు తక్కువకే అమ్ముతున్నారు గానీ, వాటికి చార్జింగ్ కావాలి. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊళ్ళో వైరు ఉన్నదే నమ్మకం.

కొనేముందు రెండు చూసుకోండి. ఒకటి, మైకు పిన్ను మీద నల్ల గీతలు. మూడు గీతలుంటే ఫోన్‌కు పనిచేసేది, రెండే ఉంటే కెమెరాలకోసం చేసింది. రెండు, మీ ఫోన్‌కు గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రం ఉందా లేదా. లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి. అందులోనూ కొన్నిటికి పాట వినపడుతుంది గానీ మైకు పనిచేయదు. షాపులోనే పెట్టి రికార్డ్ చేసి చూసి తీసుకోండి. ఎం1 మైకుకు చిన్న స్విచ్ ఉంటుంది, ఫోన్‌కు పెట్టినప్పుడు దాన్ని ఫోన్ వైపు ఉంచాలి.

ఇంకో చిక్కు. మైకు పెట్టినా కొన్ని ఫోన్ల కెమెరా యాప్ దాన్ని పట్టించుకోదు, తన సొంత మైకుతోనే తీస్తుంది. నాకు మొదటి రెండు వీడియోలు అలాగే పోయాయి. రికార్డ్ మొదలుపెట్టి మైకును గోరుతో గీకండి. తర్వాత విని చూడండి. గీకిన చప్పుడు గట్టిగా వస్తే సరే. రాకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్ దగ్గర బయటి మైకును ఎంచుకోండి. గాలికి మైకు మీద స్పాంజి తొడుగు తీయొద్దు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టే అవసరమే లేదు. ఫోన్లో అయితే యూట్యూబ్ క్రియేట్ ఉంది. 2023లో మొదట విడుదల చేసిన దేశాల్లో మన దేశం కూడా ఉంది, ఉచితం. వీఎన్ కూడా వాడొచ్చు. కైన్‌మాస్టర్ బాగుంటుంది గానీ డబ్బు కట్టకపోతే వీడియో మీద దాని పేరు పడుతుంది. కాలేజీ ల్యాబులో కంప్యూటర్ దొరికితే సౌండ్‌కు ఆడాసిటీ, వీడియో కోయడానికి షాట్‌కట్ లేదా కెడెన్‌లైవ్, పాఠాలు చెప్తూ స్క్రీన్ రికార్డ్ చేయడానికి ఓబీఎస్ స్టూడియో. ఈ నాలుగూ ఉచితం, వాటి పేరు వీడియో మీద వేయవు. ఆడాసిటీలో గోల తగ్గించే పద్ధతి తెలుసుకోండి. రికార్డ్ మొదట్లో ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉండాలి. ఆ ఐదు సెకన్లనే చూపించి "ఇదీ గోల" అని దానికి చెప్తే, మిగతా అంతటా ఆ గోలను తగ్గిస్తుంది. ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతుంది, కొంచెమే చేయండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. "ప్రీమియం ఫ్రీ" అని వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ళు వేసుకోవద్దు. మన స్కాలర్‌షిప్ పడే అకౌంటు ఓటీపీ కూడా అదే ఫోన్‌కు వస్తుంది. ఎడిటింగ్ యాప్ కోసం ఆ ఫోన్ తాళం ఎవడి చేతికో ఇచ్చుకోకండి.

దాచుకోవడం

నేను అమ్మమ్మ వీడియో తీసేసింది మెమరీ లేదని. తర్వాత లెక్క వేసుకున్నా. ఫోన్ సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున 1080పి వీడియో తీస్తే నిమిషానికి దాదాపు 127 ఎంబీ. ఆరు నిమిషాలకు 765 ఎంబీ. ఆ వీడియోలోంచి సౌండ్ వరకు తీసి పెట్టుకుని ఉంటే పది ఎంబీలోపే అయ్యేది. పది ఎంబీ. ఒక రోజు మనం చూసే రీల్స్‌లో మూలకు కూడా రాదు.

కాబట్టి అసలు రికార్డింగు తీసేయొద్దు. అన్ని వీడియోలూ ఉంచలేకపోతే గొంతు వరకైనా ఉంచండి. గూగుల్ అకౌంటుకు 15 జీబీ ఉచితంగా వస్తుంది, అందులో వేయొచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా పంపితే అది నలిపేసి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఫైలు పేరులో తారీఖు, ఊరు, పాడినవాళ్ళ పేరు రాయండి. "వీడియో 0034" అని ఉంటే ఐదేళ్ళ తర్వాత మీకే తెలియదు.

యూట్యూబ్‌లో ఉందిలే, ఎక్కడికి పోతుంది అనుకోకండి. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. అందులోనే వీడియోలు ఉంచుకుని, తమ దగ్గర కాపీ పెట్టుకోని వాళ్ళ సంగతి ఆలోచించండి. యాప్ వాళ్ళది, పాట మనది.

డబ్బుల సంగతి

తమ్ముడి లెక్కకు వద్దాం. ఆర్నెల్లలో కెమెరా డబ్బులు వస్తాయన్నాడు. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బులు మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. లేదా షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. 4,000 గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తే 80 వేల సార్లు చూడాలి. అప్పుడు కూడా డబ్బులు మొదలవుతాయి, అంతే. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే మొదలవుతుంది. సినిమా పాట పెట్టారా, హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో డబ్బులు వాళ్ళకే పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత మ్యూజిక్ ఉంది. ఇంకా మంచిది, మన డోలు ఉంది.

"మరి సంపాదించినవాళ్ళు లేరా అన్నా" అంటాడు వాడు. ఉన్నారు. ఒడిశాలో సంబల్‌పూర్ జిల్లా బాబుపాలి ఊరి ఐజాక్ ముండా కూలి పని చేసుకునే ఆదివాసీ. 2020 లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోతే అప్పు చేసి స్మార్ట్‌ఫోన్ కొని, తను అన్నం తినే వీడియో పెట్టారు. 2021 జులైలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన గురించి చెప్పారు. ఆ అప్పు 3 వేలు. 42 వేలు కాదు. మన దగ్గర జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో చూడండి. గంగవ్వను జనం కెమెరా కోసం చూడలేదు. ఆమె మాట కోసం చూశారు. ఇద్దరి దగ్గరా ఉన్నది వాళ్ళ బతుకు, వాళ్ళ యాస. అది మన దగ్గర కూడా ఉంది. అందరికీ వాళ్ళలాగే అవుతుందని నేను చెప్పను. అవ్వకపోయినా అప్పు మిగలకూడదు అంటున్నా.

"మనకే ఎందుకు సర్దుకోమంటారు?"

తమ్ముడు వెళ్ళిపోతూ అన్న మాట నాకు గుచ్చుకుంది. "టౌను పిల్లలు కెమెరా కొంటే టాలెంట్ అంటారు, మనం కొంటే దుబారా అంటారు." నిజమే. పాత పుస్తకాలు, పాత దుప్పట్లు, ఉన్నదాంతో సర్దుకోండి అనే మాటలు విని విని పెరిగాం. నేను కూడా అదే చెప్తే వాడికి కోపం రావడంలో తప్పు లేదు.

కానీ నేను చెప్పేది సర్దుకోమని కాదు, వరస మార్చమని. కెమెరా మన పిల్లల చేతిలో ఉండాలి. మంచిదే ఉండాలి. అది ఒక్క ఇంటి అప్పు మీద ఎందుకు రావాలి? మా హాస్టల్లో 70 మందిమి ఉన్నాం. తలా వంద వేస్తే 7 వేలు. రెండు కాలర్ మైకులు, ఒక ట్రైపాడ్, ఒక 1 టీబీ హార్డ్ డిస్కుకు సరిపోతాయని షాపులో అడిగి తెలుసుకున్నా. 1 టీబీలో నేను చెప్పిన లెక్కన 130 గంటల వీడియో పడుతుంది. సెలవులకు ఊరికి పోయేవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టి మైకు తీసుకెళ్ళాలి, వచ్చాక రికార్డింగులు డిస్కులో వేయాలి. ఒక ఏడాది ఇలా చేసి, ఆ డిస్కు పట్టుకెళ్ళి ఐటీడీఏ ఆఫీసులో, కాలేజీలో చూపించి "ఇదీ మేం చేసింది, ఇప్పుడు హాస్టల్‌కు ఒక మంచి కెమెరా, ఒక కంప్యూటర్ ఇవ్వండి" అని అడుగుదాం. అప్పుడు అడిగేది దయ కాదు. పని చూపించి అడుగుతున్నాం.

దీనికి తొందర ఎందుకో కూడా చెప్తా. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, మార్లవాయి ఊరు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది, మా కోయ వీరుల కథలు డోలు మీద పాడిన మనిషి. ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయారు, ఒకరు జూన్‌లో, ఒకరు అక్టోబర్‌లో. పద్మశ్రీ వచ్చింది కాబట్టి వాళ్ళ పేర్లు పేపర్లో వచ్చాయి. ఏ అవార్డూ రాకుండా మన ఊళ్ళల్లో పాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ ఊరిదే లెక్క పెట్టుకోండి. అదే మార్లవాయిలో 1940ల్లో ఉండి పనిచేసిన హైమెండార్ఫ్ తీసిన ఫోటోలు ఇవ్వాళ లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మన తాతల ఫోటోలు చూడాలంటే లండన్ వైపు చూడాలి. మన అమ్మమ్మల గొంతు మన హాస్టల్ డిస్కులో ఉండొద్దా?

చివరిగా రెండు మాటలు

ఒకటి భాష. వ్యూస్ కోసం తెలుగులోనే మాట్లాడతాం అంటారు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైన, గోండి మాట్లాడేవాళ్ళు 29 లక్షల పైన ఉన్నారు. వీళ్ళు కూడా ఫోన్లు చూస్తున్నారు. మన భాషలో మాట్లాడి, కింద తెలుగులో సబ్‌టైటిల్స్ మనమే టైప్ చేసి పెట్టొచ్చు, యూట్యూబ్ స్టూడియోలో ఆ వీలుంది. అప్పుడు ఇద్దరూ చూస్తారు.

రెండోది అడగడం. మైకు కన్నా ముందు రావాల్సింది ఇదే. బయటివాళ్ళు మన ఊళ్ళకొచ్చి "అడవి మనుషులు ఏం తింటారో చూడండి" అని పెడితే మనకు ఒళ్ళు మండుతుంది గదా. మన చేతిలో కెమెరా ఉన్నంత మాత్రాన మనం అదే పని చేయమని ఏముంది? వేల్పుల కొలుపులో చూడొచ్చు గానీ తీయకూడనివి ఉంటాయి. పెద్దల్ని, పూజారిని అడగండి. వద్దంటే ఫోన్ లోపల పెట్టేయండి. తీశాక పాడినవాళ్ళకు ముందు చూపించండి. అమ్మమ్మకు నేను ఆ 40 సెకన్లు ఒక్కసారి చూపించి ఉంటే, "నా పాట ఏదిరా" అని అప్పుడే అడిగేది. అసలు వీడియో ఇంకా నా ఫోన్లో ఉండేది.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతున్నావని తెలుసు. నా మైకు నా ట్రంకు పెట్టెలో ఉంది, తాళం ఎక్కడుంటుందో నీకు తెలుసు. దసరా సెలవులకు తీసుకుపో. మీ నానమ్మను వసారాలో కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడించు. వచ్చాక ఇద్దరం కలిసి విందాం. కెమెరా గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

హాస్టల్ కిట్ ఆలోచన మీ హాస్టళ్ళలో కుదురుతుందా లేదా కామెంట్లో రాయండి. నేను రాసినదాంట్లో తప్పులుంటే సీనియర్లు సరిదిద్దండి. జోహార్.